బిలస్వర్గం: శాసనానికి ముందున్న చరిత్ర

నెల్లూరు సీమకు చరిత్ర లేదని ఎవరూ అనలేరు. బటర్‌వర్తు, వేణుగోపాలచెట్టి అనే యిద్దరు 1905లో నెల్లూరు జిల్లా శాసనాలను మూడు సంపుటాలుగా అచ్చువేయించారు. ఒక్క జిల్లాకు మూడు సంపుటాల శాసనాలు దక్కటం సామాన్య విషయం కాదు. పల్లవులు, తెలుగు చోళులు, మనుమసిద్ధి, తిక్కన - ఈ వరుస చదువుకున్నవారందరికీ కంఠస్థమే. అయితే శాసనానికి ఒక స్వభావం వున్నది. దానమిచ్చినవాణ్ణి, పుచ్చుకున్నవాణ్ణి, పొలిమేర రాళ్లను అది జాగ్రత్తగా గుర్తుంచుకుంటుంది. ఆ పొలం దున్నినవాడు దానికి సాధారణంగా కనిపించడు. ఆ నేల పొలంగా మారకముందు అక్కడి అడవిలో బ్రతికినవాడు అసలే కనిపించడు.

తెలుగు సాహిత్య చరిత్ర చెప్పే నాబోటివాళ్లకు కూడా ఈ అలవాటే వున్నది. నన్నయకు ముందు నాలుగు శాసనాలు, వాటికి ముందు కొన్ని ప్రాకృత పదాలు, అంతకు ముందు శూన్యం. ఆ శూన్యమనుకునే కాలం ఎంత పొడుగైనదో, దానిలో ఎవరున్నారో, వారిని గురించి మనకు తెలిసిందెలాగో విచారించటం ఈ వ్యాసం వుద్దేశం. ఆ విచారణకు శాసనం చాలదు. కొండ గుహల్లోకి వెళ్లాలి.

నెల్లూరు తీరం యిసుక నేల. సముద్రం, దాని వెనుక యిసుక మేటలు, పులికాటు వంటి వుప్పునీటి కయ్యలు, ఆ వెనుక పెన్న తెచ్చి పరిచిన ఒండ్రు, ఎర్ర కంకర దిబ్బలు, పడమట వెలికొండలు. ఇటువంటి నేలలో ఎముక ఎక్కువకాలం నిలవదు. తడికి, వేడికి, మట్టిలోని పులుపుకు అది కరిగిపోతుంది. నిలిచేది రాయి ఒక్కటే. వెలికొండల క్వార్ట్‌జైటు రాయి గట్టిది. దెబ్బ వేస్తే పదునైన అంచుతో పెచ్చులూడుతుంది. వాగులు ఆ రాళ్లను గుండ్రాళ్లుగా దొర్లించి మైదానానికి దించుతాయి. రాతియుగపు మనిషి పనిముట్టుకు ఎన్నుకున్నది ఈ జాతి రాయినే.

మన వైపు ఈ సంగతి మొదట పట్టుకున్నవాడు రాబర్ట్ బ్రూస్ ఫుట్. ఇతడు భూగర్భ పరిశోధన శాఖ వుద్యోగి. 1863 మే 30న మద్రాసు దగ్గర పల్లావరంలో కంకర కోసం తవ్విన గుంటలో మనిషి చెక్కిన రాతి పనిముట్టును గుర్తించాడు. ఆ సెప్టెంబరులోనే విలియం కింగ్‌తో కలిసి కొర్తలయారు లోయలోని అత్తిరంపాక్కంలో మరిన్ని కనుగొన్నాడు. ఆ అత్తిరంపాక్కం పనిముట్లలో అడుగు పొరలవి సుమారు 15 లక్షల ఏళ్ల నాటివని 2011లో తేలింది. ఫుట్ తరువాత 15వ అక్షాంశం నుండి బందరు దాకా తూర్పు తీరపు భూనిర్మాణాన్ని వర్ణించాడు. నెల్లూరు భాగపు శిలలను వర్ణించినవాడు కింగ్. ఆ గ్రంథాలు రెండూ 1880 ప్రాంతంలో ఒకే సంపుటంలో వెలువడినవి.

ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. పల్లావరం గుంట ఫుట్ తవ్వించినది కాదు. కంకర కోసం కూలీలు అంతకుముందే తవ్వినది. భారతదేశపు పూర్వచరిత్ర శాస్త్రం ఒక కూలి గుంటలో పుట్టింది. ఫుట్ పేరు నిలిచింది. నిలవవలసిందే, ఆయన చూపు అటువంటిది. కాని పలుగు పట్టినవాడి పేరు ఏ పుస్తకంలోనూ లేదు. శాసనానికి వున్న స్వభావమే శాస్త్ర గ్రంథానికీ అబ్బిందన్నమాట.

రాయి వల్ల మనిషి చేతిపని తెలుస్తుంది. అతడు ఏ మృగాల మధ్య బ్రతికాడో, ఏమి తిన్నాడో తెలియాలంటే ఎముక కావాలి. ఎముక కోసం నెల్లూరు వాడు వెలికొండలు, నల్లమల దాటి పడమటికి పోవాలి. అక్కడ బేతంచర్ల, కొలిమిగుండ్ల ప్రాంతాలలో సున్నపురాయి పరచుకుని వున్నది. వాననీరు ఆ రాతిని కొంచెం కొంచెంగా కరిగించి గుహలు చేస్తుంది. రాతిలోని సున్నం ఎముకలను కాపాడుతుంది. తీరంలో చెరిగిపోయిన పుటలు ఈ సున్నపు గుహల్లో చెరగకుండా నిలిచాయి.

వాటిలో ముఖ్యమైనది బేతంచర్ల దగ్గరి బిలస్వర్గం. ఎప్పుడో పైకప్పు కూలిపోవటం వల్ల ఆకాశం కనిపించే లోతైన సందులు, వాటి గోడలలో చీకటి నోళ్లు తెరిచిన గుహలు. 1844లో న్యూబోల్డ్ అనే సైనికోద్యోగి ఈ గుహల్లోని ఎముకలను గురించి కలకత్తా ఏషియాటిక్ సొసైటీ పత్రికలో రాశాడు. ఆ తరువాత నలభై ఏళ్లపాటు ఎవరికీ పట్టలేదు. డార్విన్ పక్షాన వాదించిన హక్స్లీ ఈ గుహలను శోధించవలసిందని మద్రాసు గవర్నరు గ్రాంట్ డఫ్‌కు సూచించగా, 1884లో ఫుట్‌ను పంపారు. తరువాతి తవ్వకం ఆయన కుమారుడు హెన్రీ ఫుట్ సాగించాడు. దొరికిన ఎముకలను లిడెక్కర్ పరిశీలించి 1886లో ప్రకటించాడు. అప్పుడే ఒక ఖడ్గమృగానికి, ఒక పునుగు జాతికి కర్నూలు పేరుతో శాస్త్రనామాలు పెట్టారు.

తవ్వినవారు గుహలకు కూడా పేర్లు పెట్టారు. ఒకటి ‘కెథీడ్రల్’, ఒకటి ‘చాప్టర్ హౌస్’, ఒకటి ‘చార్నెల్ హౌస్’, ఒకటి ‘పర్గేటరీ’. పెద్ద చర్చి, మతాచార్యుల సమావేశ మందిరం, ఎముకల కొట్టు, పాపులు శిక్ష అనుభవించి శుద్ధి పొందే చోటు! తెలుగువాడు స్వర్గమన్న చోటును దొర పాపప్రక్షాళన స్థలమన్నాడు. నవ్వుకుని వదిలేయవలసిన విషయం కాదిది. పేరు పెట్టటమంటే స్వాధీనం చేసుకోవటం. ‘బిలస్వర్గం’ ఆంగ్ల గ్రంథాలలో ‘బిల్ల సూర్గం’ అయి అర్థం పోగొట్టుకున్నది. దొర పెట్టిన పేర్లేమో నేటికీ శాస్త్ర పత్రాలలో అర్థంతో సహా బ్రతికివున్నాయి.

ఇంతకూ స్వర్గమని ఎందుకన్నారు? అక్కడ జీవాలు మేపుకునే ఒక పెద్దాయనను నేను ఈ ప్రశ్నే అడిగాను. “స్వర్గమేందో నాకు తెలీదు సారూ. ఎండకాలం జీవాలకు మాత్రం సల్లగుంటాది” అన్నాడు. నిఘంటువులు వెతికితే దొరకని వివరణ అది. రాళ్లు పేలే సీమ ఎండలో, నీడా చల్లదనమూ వున్న గుంట స్వర్గమే. లక్ష ఏళ్ల కిందట ఆ గుహలో దూరిన జంతువుకూ, మనిషికీ కావలసింది బహుశా అదే.

పేర్ల కథలో మరొక ఘట్టం వున్నది. 1970 దశకంలో ఎం.ఎల్.కె. మూర్తిగారు బేతంచర్ల పరిసరాలలోనే మరొక గుహను తవ్వారు. దాని పేరు ముచ్చట్ల చింతమాను గవి. ముచ్చట్ల అన్నది వూరి పేరు. చింతమాను ఆనవాలు. గవి అంటే ఆ సీమ మాటలో గుహ. మూర్తిగారు దానికి వేరే పేరు పెట్టలేదు. అక్కడి జనం పిలిచే పేరే శాస్త్రంలో చేరింది. ఆ గవిలో ఎముకతో చేసిన పనిముట్లు విస్తారంగా దొరికాయి. మంట వేసుకున్న పొయ్యి ఒకటి దొరికింది. కాలిన మట్టిని పరీక్షించి ఆ మంట వయస్సు సుమారు 17,000 ఏళ్లని 1983లో ప్రకటించారు. నన్నయకూ మనకూ మధ్య వున్న కాలం వెయ్యేళ్లకు దగ్గర. అటువంటి పదిహేడు కాలాలు వెనక్కి పోతే ఈ మంట వెలుగుతూ కనిపిస్తుంది. దాని చుట్టూ మనుషులున్నారు. వారికి ఏదో ఒక భాష వుండివుంటుంది. అది మన భాష అని అనటానికి ఆధారమేమీ లేదు. కాని వారు చలి కాచుకున్నారు, వండుకున్నారు.

గుహలోని ఎముకలు ఏమి చెబుతున్నాయి? హెన్రీ ఫుట్ తవ్వకాలలో దాదాపు 200 ఎముకలు మనిషి చెక్కిన పనిముట్లుగా లెక్కకు వచ్చాయి. ఆ లెక్కను కళ్లు మూసుకుని ఒప్పుకోనక్కరలేదు. ముళ్లపంది ఎముకలను కొరుకుతుంది. దుమ్ములగొండి విరిచి పోగువేస్తుంది. ఆ గుహల్లో ముళ్లపంది ఎముకలు కూడా దొరికాయి. పంటిగాటునూ రాతిగాటునూ వేరుచేయటం నేటి శాస్త్రపు పని. అందుకే ఒకరు తవ్విన చోట మరొకరు మళ్లీ తవ్వవలసివస్తుంది.

అలా మళ్లీ చేసిన పరిశోధన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. బిలస్వర్గం పొరల వయస్సు నిర్ణయించి, ఎముకలను జాతులవారీగా గుర్తించగా ఒక ఆశ్చర్యకరమైన విషయం బయటపడింది. గుర్తించిన 21 స్తన్య జంతు జాతులలో 20 జాతులు కనీసం లక్ష ఏళ్లుగా, కొన్ని రెండు లక్షల ఏళ్లుగా, భారత వుపఖండంలో ఎక్కడో ఒకచోట నేటిదాకా నిలిచివున్నాయి. ప్రపంచంలో మరికొన్ని చోట్ల జరిగినది వేరు. అమెరికా ఖండాలలోనూ, ఆస్ట్రేలియాలోనూ మనిషి అడుగుపెట్టిన తరువాతి కాలంలో పెద్ద మృగాలు అనేకం నశించాయి. అది మనిషి వేట వల్లనా, వాతావరణం మారటం వల్లనా అని పండితులు వాదించుకుంటున్నారు. మన గుహ చెప్పేది మరొక కథ. మనిషీ మృగమూ ఒకే అడవిని పంచుకుని వేల తరాలు గడిపిన దాఖలా యిది.

దీన్ని మన పూర్వుల అహింసకు సాక్ష్యంగా చెప్పబూనటం సరికాదు. వారు వేటగాళ్లు. మృగాలు మిగలటానికి నేల తీరే ప్రధాన కారణంగా తోస్తుంది. కొండ, లోయ, మైదానం, తీరం పక్కపక్కన వుండటం వల్ల ఒకచోట కరువు వస్తే జంతువు మరొక చోటికి తప్పుకోగలిగింది. ఆ తప్పుకునే దారులు మూసుకుపోయినప్పుడే జాతికి ప్రమాదం వచ్చింది. ఖడ్గమృగం నేడు ఈ సీమలో లేదు. ఈశాన్యానికి, హిమాలయ పాదాలకు పరిమితమైపోయింది.

మన తీరమే దీనికి మరొక సాక్ష్యం యిచ్చింది. ప్రకాశం జిల్లాలో బరోడా విశ్వవిద్యాలయ పరిశోధకులు సుమారు 41,000 ఏళ్ల కిందటి నిప్పుకోడి గూడును కనుగొన్నారని 2024లో తెలిసింది. ఒక చిన్న గుంటలోనే దాదాపు 3,500 గుడ్డు పెంకుల ముక్కలు దొరికాయి. ఎగరలేని ఆ పెద్ద పక్షి ఒకప్పుడు మన వైపు గడ్డి నేలల్లో పరుగెత్తింది. నేడు ఆ జాతి ఈ దేశంలోనే లేదు. ఇటు నేలపట్టులో గూడబాతులు మాత్రం నిలిచాయి. 1976లో ప్రభుత్వం దాన్ని పక్షి కేంద్రంగా ప్రకటించకముందే అక్కడి రైతులు వాటిని కాపాడుతూ వచ్చారు. చెట్ల మీది పక్షుల రెట్ట చెరువులో కలిసి, ఆ నీరు పొలానికి ఎరువవుతుందని వారు ఎరుగుదురు. భక్తి, లాభం, అనుభవం ఒకటైన చోట పక్షి బ్రతికింది.

ఇక కథల సంగతి. గుహ వున్న ప్రతి వూరిలోనూ ఒక కథ వినబడుతుంది. ఈ బిలం శ్రీశైలం దాకా పోతుందంటారు. పాండవులు దాగినదంటారు. మునులు కంటికి కనిపించకుండా తపస్సు చేస్తున్నారంటారు. వీటిని మూఢనమ్మకాలని కొట్టివేసే హేతువాది వున్నాడు. చరిత్రగా అచ్చువేసే పౌరాణికుడూ వున్నాడు. కథలో ఏమి దాగివున్నదో అడగటం యిద్దరూ మరచిపోయారు.

రామాయణం కిష్కింధకాండలో ఋక్షబిల ఘట్టం వున్నది. దాహంతో అలమటిస్తున్న వానరులకు ఒక చీకటి బిలం కనబడుతుంది. తడిసిన రెక్కలతో నీటిపక్షులు దానిలోనుంచి వెలుపలికి వస్తుంటాయి. లోపల నీరు వుండి తీరాలని హనుమంతుడు వూహిస్తాడు. ఆ వూహతో లోపలికి పోగా స్వయంప్రభ వున్న స్వర్గసమానమైన చోటు కనిపిస్తుంది. ఆ బిలం ఫలానా చోటని నేను వాదించబోవటం లేదు. నేను చూసేది ఆ తడిసిన రెక్కను. గుహలో నీరున్నదని పక్షిని చూసి గుర్తుపట్టటం అడవిలో తిరిగేవాడి విద్య. కావ్యం ఆ విద్యను తనలో దాచుకున్నది. బిలంలో స్వర్గం వుంటుందన్న వూహకు మూలం నీరూ, చల్లదనమూనే. బేతంచర్ల కాపరి చెప్పిందీ, వాల్మీకి చెప్పిందీ ఒక్కటే.

నెల్లూరు సీమలో దీనికి జోడు భైరవకోన. ఒకప్పటి నెల్లూరు జిల్లాలోనిదే అయినా, తరువాత ప్రకాశం జిల్లాలో చేరింది. అక్కడి గుహలు నీరు తొలిచినవి కావు. మనిషి వులితో తొలిచినవి. కొండ రాతిలో ఎనిమిది శివాలయాలు, పక్కనే జలపాతం. కార్తీక పున్నమినాడు వెన్నెల నీటి మీద పడి దుర్గ మీద ప్రతిఫలిస్తుందని జనం చెప్పుకుంటారు. తొలిపించిన రాజు పల్లవుడా, చాళుక్యుడా అని పండితులు తర్కిస్తారు. తొలిచిన చేతుల మాట తర్కానికి కూడా రాదు. కాని జనం కోన అన్న పేరునూ, నీటినీ, వెన్నెలనూ గుర్తుంచుకున్నారు. రాజు ఎవరైనా కోన వారిదే.

అక్షరం రానివారు చరిత్రను కథగా దాచుకుంటారనటానికి నెల్లూరులో యింతకన్నా గట్టి నిదర్శనం కాటమరాజు కథ. పుల్లరి దగ్గర పుట్టిన ఆ తగాదా ఆలమందలు మేపుకునేవారి పక్షాన మనకు వినబడుతున్నదంటే, అది కథ పాడినవారి పుణ్యమే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. ఈ పూర్వచరిత్రను మనం ఏ విధంగా వాడుకోబోతున్నాము? నా దృష్టిలో రెండు అపాయాలున్నాయి.

మొదటిది గర్వం. రాతి పనిముట్టు దొరకగానే తెలుగుజాతి వయస్సు లక్షల ఏళ్లని సభలలో చెప్పటం ఆరంభమవుతుంది. ఆ పనిముట్టు చేసినవాడికి తెలుగూ లేదు, తమిళమూ లేదు, జాతీ లేదు. 15 లక్షల ఏళ్లనాటివాడు మన శరీర నిర్మాణం గల మనిషి కూడా కాడు. అతడు మొత్తం మానవ కథకు చెందినవాడు. అతణ్ణి ఒక భాషకో, ఒక కులానికో, ఒక మతానికో పూర్వీకుణ్ణి చేయటం చరిత్రకు ద్రోహం.

రెండవది అంతకన్నా క్రూరమైనది. నెల్లూరు తీరపు యానాదులనూ, నల్లమల చెంచులనూ చూపి, రాతియుగపు మనిషి యిక్కడే మిగిలివున్నాడని చెప్పే అలవాటు వందేళ్లకు పైబడినది. మూర్తిగారు 1981లో ఆగ్నేయ తీరపు వేట, సేకరణ జీవనాన్ని గురించీ, 1985లో కర్నూలు గుహల పరిసరాల జనజీవనాన్ని గురించీ వ్యాసాలు ప్రకటించారు. నేడు బ్రతికివున్నవారి విద్యను చూసి నాటివారి బ్రతుకును వూహించటం ఆ పద్ధతి. ఆ పద్ధతికి విలువ వున్నది. పొలం గట్టున ఎలుక కలుగు ముందు కూర్చుని, కుండలో గడ్డి రాజేసి పొగవూది, ఎలుకనూ అది దాచిన ధాన్యాన్నీ బయటికి తీసే యానాది విద్య చూసినవాడికి బిలమంటే ఏమిటో అర్థమవుతుంది. కాని ఆ విద్య తెలిసినవాడు మన సమకాలికుడు. మనతోపాటే ఓటు వేస్తాడు, మనకన్నా తక్కువ కూలి తీసుకుంటాడు. అతని బీదతనానికి కారణం రాతియుగంలో లేదు. భూమి పంపకంలో వున్నది. తెల్లదొరతనం నేరస్థ తెగల చట్టాన్ని యానాదుల మీద కూడా ప్రయోగించింది. ఆ చట్టం 1952లో రద్దయింది. 1971లో శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్టు ఎగిరింది. ఆ కేంద్రం కోసం దీవిని ఖాళీ చేసినవారిలో యానాదులున్నారు. అతణ్ణి పూర్వచరిత్రలో కూర్చోబెడితే ఈ వర్తమాన చరిత్రకు జవాబు చెప్పవలసిన పని మనకు తప్పుతుంది. నిజానికి ఆ మాట పుట్టిందే అందుకని నా అనుమానం.

చివరిగా, ఈ పుటలు మన కళ్లముందే చిరిగిపోతున్నాయి. బేతంచర్ల నాపరాయి యిళ్లకు నేలగా పరుస్తారు. ఆ రాతి గనులే అక్కడివారికి జీవనోపాధి. జుర్రేరు లోయలోని జ్వాలాపురంలో, 74,000 ఏళ్ల కిందట సుమత్రా దీవిలోని తోబా అగ్నిపర్వతం చిమ్మిన బూడిద పొరగా పేరుకుని వున్నది. ఆ పొరకు కిందా, పైనా రాతి పనిముట్లు దొరికినట్లు 2007లో ప్రకటించారు. అంతటి వుత్పాతాన్ని దాటి మనిషి యిక్కడ నిలిచాడా అన్న ప్రశ్నకు ప్రపంచం ఆ లోయవైపు చూసింది. ఆ బూడిదనే తవ్వి, పాత్రలు తోమే పొడులలో కలపటానికి అమ్ముతూ వచ్చారు. తవ్వే కూలీని తప్పుపట్టే హక్కు మనకు లేదు. ఆ తెల్లమట్టి ఏమిటో అతనికి తెలుగులో ఎవరు చెప్పారు? పరిశోధన జరిగింది మన నేల మీద. ప్రకటన జరిగింది ఆంగ్లంలో, మన వూళ్లకు రాని పత్రికలలో.

కాబట్టి కావలసినది మ్యూజియం ఒక్కటే కాదు. ఆ వూరి బడిలో ఆ వూరి గవిని గురించి పాఠం వుండాలి. తవ్వకంలో పనిచేసిన కూలీ పేరు నివేదికలో వుండాలి. గుట్టను గనికి యిచ్చేముందు దానిలో ఏమున్నదో చూడాలి. వద్దన్నచోట అక్కడివారికి వేరే పని చూపాలి. ఈ పనులు జరిగితే తప్ప గుహలు నిలవవు.

ఫుట్ దిగిన గుంటను కూలీలు తవ్వారు. పదిహేడువేల ఏళ్లనాటి మంటకు కాపరులు పిలిచే పేరు నిలిచింది. మన చరిత్ర పుస్తకాల మొదటి పుట రాసేటప్పుడు ఈ రెండు సంగతులూ గుర్తుంటే, ఆ పుటలో రాజు కన్నా ముందు మనిషి కనిపిస్తాడు.